హాలు ముచ్చట్లు తర్వాత, ముందు డాబా ఎక్కండి

ఇల్లూ వాకిలీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎండలు ముదిరే కొద్దీ ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. ఉగాది వెళ్లాక, మృగశిర రాకముందు ఇంటి పనులు పెట్టుకునే కాలం కదా. ఈసారి ఎక్కువమంది అడిగింది ఒకటే. చేతిలో ఇంత డబ్బుంది, చేయించాల్సినవి ఇన్ని ఉన్నాయి, ఏది ముందు? నేను ముప్ఫయ్యేళ్లు సైట్ల మీద ఎండలో నిలబడి, రిటైరై, ఇప్పుడు రాజమహేంద్రవరంలో సొంత డాబా కింద కూర్చుని రాస్తున్నాను. ఆ డాబా కూడా ఒకప్పుడు కారింది. ఆ కథ మొదటి జవాబులోనే చెప్పేస్తాను, దాచుకోవడం దేనికి.

మేమిద్దరం రిటైరైన టీచర్లం. ఇల్లు 1998లో కట్టించాం. రెండు పడగ్గదులు, పైన ఖాళీ డాబా. ఇంటి పనులకని ఆరు లక్షలు పక్కన పెట్టుకున్నాం. శ్రావణంలో అమ్మాయి నిశ్చితార్థం. హాలుకి ఫాల్స్ సీలింగ్ వేయించాలని మా ఆవిడ, మాడ్యులర్ కిచెన్ కావాలని కోడలు. వానాకాలంలో పడగ్గది మూల తడి కనిపిస్తోంది, వంటింట్లో ఒకచోట పెచ్చు ఊడిపడింది. బాత్రూంలో వెస్టర్న్ కమోడ్ కూడా పెట్టించాలి. ఏది ముందు చేయించమంటారు?
– ఒక మాస్టారు, తణుకు

మాస్టారూ, మీ ఉత్తరంలో అసలు సంగతంతా ‘ఒకచోట పెచ్చు ఊడిపడింది’ అన్న మూడు మాటల్లో ఉంది. దాన్ని తీసుకెళ్లి కిచెన్‌కీ కమోడ్‌కీ మధ్య ఇరికించారు. పత్రిక పక్కన పెట్టి, వంటింట్లో స్టూలు వేసుకుని ఆ చోటు చూడండి. చువ్వ కనిపిస్తోందా? కనిపిస్తే ఎర్రగా, పొరలు పొరలుగా ఉందా?

స్లాబులో చువ్వకి కాంక్రీటే రక్ష. పైనుంచి నీళ్లు దిగుతూ ఉంటే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పుకి అసలు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు కావాలి. ఆ చోటు కోసం అది కింద ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. మీ వంటింట్లో రాలింది అదే. రాలిన చోటొక్కటే పాడైందని కూడా అనుకోకండి. కర్రతోనో చిన్న సుత్తితోనో సీలింగంతా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట ఖణేల్‌మంటుంది. లోపల విడిపోయిన చోట ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్ల మోత వినిపిస్తుంది. డొల్ల మోగిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీసుకోండి. మీ చేతికి సుద్దముక్క కొత్త కాదు.

ఆ తర్వాత డాబా ఎక్కండి. నాలుగు బిందెల నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. పది అడుగులకి కనీసం అంగుళంపావు వాటం ఉంటేనే నీళ్లు గొట్టం దాకా నడుస్తాయి. మధ్యలో మడుగు కట్టాయంటే ఆ మడుగు కిందే మీ పడగ్గది మూల ఉంటుంది, పందెం. పిట్టగోడ డాబాను కలిసే మూలలో సన్నటి చీలిక ఉందేమో చూడండి. నేను చూసిన కారుడు ఇళ్లలో సగానికి సగం అక్కడే దొరికిపోయాయి. నీళ్లు పోయే గొట్టం మూతిలో ఆకులు, చచ్చిన పావురం ఈకలు, పిల్లల బంతి ఉంటాయి. అవి తీయించడానికి పైసా ఖర్చు లేదు.

ఇంకో గుర్తు. తడి మరక వానలప్పుడే వచ్చి, మాఘమాసానికి ఆరిపోతే తప్పు డాబాది. ఏడాది పొడవునా ఉంటే బాత్రూం పైపుదో, ట్యాంకు పైపుదో. ఈ తేడా తెలియక డాబా మొత్తం వాటర్ ప్రూఫింగ్ చేయించి, మరక పోలేదని నాకు ఉత్తరాలు రాసేవాళ్లు ఏటా ఉంటారు.

వాటర్ ప్రూఫింగ్ చేయిస్తే పని పూర్తయ్యాక గొట్టాలు మూసి, మూడంగుళాల నీళ్లు రెండు రోజులు నిలబెట్టి, కింద తడి రాలేదని చూశాకే ఆఖరి డబ్బు ఇవ్వండి. అయితే మూడంగుళాల నీళ్లంటే చదరపు మీటరుకి 75 కిలోల బరువు. కాబట్టి పెచ్చులూడే స్లాబు మీద కింద మరమ్మతు కాకుండా ఈ పరీక్ష పెట్టకండి. ఊడిన చోట మేస్త్రి సిమెంటు ముద్ద కొట్టి చదును చేసి పోతానంటాడు. ఒప్పుకోవద్దు, రెండు వానలకి ముద్ద ముద్దగానే ఊడొస్తుంది. చువ్వ చుట్టూ, వెనక కూడా పాడైన కాంక్రీటు చెక్కేయాలి. వైరు బ్రష్‌తో తుప్పు గీకి, తుప్పు నిరోధించే ప్రైమర్ పూసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చాలి. చువ్వ సన్నబడినట్టు కనిపించినా, సుద్ద గీతలు గదిలో సగం ఆక్రమించినా ఇక మేస్త్రితో పని లేదు. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవండి.

ఇప్పుడు నా కథ. 2011లో మా అమ్మాయి నిశ్చితార్థానికి మా హాలుకి నేనే దగ్గరుండి పీఓపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ సీలింగ్ వేయించాను. చుట్టూ పసుపు లైట్లు, మధ్యలో పువ్వు. మూలన చిన్న తడి మరక ఉండేది. ‘సీలింగ్ వస్తుందిగా, కనపడదులే’ అన్నాను. ఇంజనీర్ని నేనే, అన్నదీ నేనే. రెండు వానాకాలాలు గడిచాక పీఓపీ మీద టీ ఒలికినట్టు మరక దిగింది. కోయించి చూస్తే పైన చువ్వలు ఎర్రగా బయటపడి ఉన్నాయి. సీలింగ్ లేకపోతే మొదటి వానకే కనిపించేది. స్లాబు బాగుచేయించిన ఖర్చు, సీలింగ్ విప్పించిన ఖర్చు, మళ్లీ రంగుల ఖర్చు అన్నీ కలిసి సీలింగ్‌కి పెట్టినదానికి మూడింతలయ్యాయి. ‘ఊరందరికీ స్లాబులు చూసిపెడతారు’ అని మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట సగంలో ఆపేస్తుంది. మిగతా సగం నాకు తెలుసు కాబట్టి.

అందుకని ఫాల్స్ సీలింగ్ ఈ ఏడాది వద్దు. స్లాబు రెండు వానాకాలాలు పొడిగా ఉందని రుజువయ్యాక అప్పుడు చూద్దాం. నిశ్చితార్థానికి హాలు గోడలకి రంగు వేయించి, రెండు మంచి లైట్లు పెట్టించండి. వచ్చినవాళ్లు సీలింగ్ చూడరు, పూతరేకులు పెట్టారా లేదా చూస్తారు.

కమోడ్ మాత్రం రెండో పని. మాడ్యులర్ కిచెన్ సగం చేయించండి. రాయి గట్టు బాగుంటే దాన్ని పగలగొట్టకుండా కిందకి తలుపులు, సొరుగులు పెట్టించుకోవచ్చు. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అని ముద్ర ఉందో లేదో చూడండి, తడికి తట్టుకునే రకం అది. సింకు కింద ఎండీఎఫ్, అంటే చెక్క పొడి అతికించి చేసే అట్ట పెట్టారో, ఒక్క పైపు కారితే బిస్కెట్టులా ఉబ్బుతుంది. నన్నడిగితే సింకు కింద తలుపే వద్దు, గాలాడనివ్వండి. కోడలికి ఇదంతా మీరు చెప్పకండి. పత్రిక టీపాయ్ మీద పెట్టి ఊరుకోండి.

మాది రెండంతస్తుల ఇల్లు, మేం పై వాటాలో ఉంటాం. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదకొండింటికి కూడా గోడలు సెగలు కక్కుతున్నాయి. ఒక ఏసీ ఉంది, ఇంకోటి కొందామా, డాబాకి తెల్ల పెయింట్ వేయిద్దామా, సోలార్ పెట్టిద్దామా అని ఇంట్లో మూడు పార్టీలయ్యాయి. బడ్జెట్ రెండు లక్షల లోపే.
– ఒక గృహిణి, కరీంనగర్

అమ్మా, మూడు పార్టీలూ గెలుస్తాయి కానీ వరస ఉంది.

మీ స్లాబు పగలంతా ఎండని తాగి, రాత్రంతా గదిలోకి వదులుతుంది. పదకొండింటికి సెగ అందుకే. ఏసీ చల్లబరుస్తూ ఉంటే పైనుంచి స్లాబు వేడి చేస్తూ ఉంటుంది, మధ్యలో మీటరు తిరుగుతూ ఉంటుంది. కాబట్టి ముందు ఎండని స్లాబులోకి రానివ్వకుండా ఆపాలి. ఎండని తిప్పికొట్టే తెల్ల పూత ఈ మూడింటిలోకీ చవక. మా డాబాకి వేయించిన ఏడాది మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆరేసిన వడియాలు తీయడానికి చెప్పుల్లేకుండా వెళ్లి, సగం దూరం నడిచాక గానీ గుర్తురాలేదు చెప్పుల్లేవని. మీ రాష్ట్రంలో దీనికి ప్రభుత్వ విధానమే ఉంది. దేశంలో మొదటిసారిగా తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 చదరపు గజాలకు తక్కువ స్థలంలో కట్టుకున్న ఇళ్లకి అది తప్పనిసరి కాదు, ఇష్టమైతే చేసుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు. కారే డాబా మీద వేయకండి, ముందు కారుడు ఆపించండి. దుమ్ము పడితే తెలుపు పనిచేయడం తగ్గిపోతుంది, వేసవి మొదట్లో ఒకసారి కడిగించుకోవాలి. పడమటి కిటికీకి బయటివైపు వెదురు చిక్ గానీ వట్టివేళ్ల తడిక గానీ కట్టండి. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా అప్పటికే అద్దం దాటి ఎండ ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది.

సోలార్‌కి వద్దాం. 2024 ఫిబ్రవరిలో మొదలైన ‘పీఎం సూర్యఘర్’ పథకంలో ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకన్నా ఎక్కువకి 78 వేలు కేంద్ర రాయితీ. ఒక కిలోవాట్ మన ఎండలకి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, వంద చదరపు అడుగుల చోటు తీసుకుంటుంది. మీ కరెంటు బిల్లులు పన్నెండు నెలలవి తీసి వరసగా పేర్చండి. ఏడాదిలో ఎనిమిది నెలలు వంద యూనిట్ల లోపే వాడుతుంటే సోలార్‌కి తొందర లేదు. నెలకి మూడు వందల యూనిట్లు దాటుతుంటే బేరం మంచిది. ప్యానెల్ నీడ పడినంత మేర స్లాబు కూడా చల్లబడుతుంది. కాకపోతే చాలామందికి అమ్మేవాళ్లు చెప్పని సంగతొకటి ఉంది. బ్యాటరీ లేని మామూలు సోలార్, కరెంటు పోయినప్పుడు పనిచేయదు. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అది తనంతట తనే ఆగిపోతుంది. పట్టపగలు ఎండ కాస్తుంటే ఫ్యాను ఆగిపోయిందేమిటని కంగారు పడతారు, ముందే తెలిసుంటే మంచిది.

స్టాండ్ల కాళ్ల కోసం స్లాబుకి బోల్టులు కొడతారు, ఆ బెజ్జాల దగ్గర నీళ్లు దిగకుండా సీల్ చేయించండి. ప్యానెళ్లు బిగించాక వాటి కింద వాటర్ ప్రూఫింగ్ చేయించాలంటే అన్నీ విప్పించాలి.

రెండో ఏసీకి ముందు ఇంకో చిన్న లెక్క. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఫ్యాను 30 దగ్గర ఉంటుంది. రోజుకి పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. ఏసీ కొనే తీరాలంటే, అది పెట్టే గదికి మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, ఎర్తింగ్ చూపించుకున్నాకే కొనండి. ఫ్యాను ప్లగ్గులో ఏసీ పెట్టిన ఇళ్లు ఎలా కాలాయో చూసినవాణ్ణి.

కాకినాడలో మాకో ఫ్లాట్ ఉంది, పద్దెనిమిదేళ్ల పాతది. అమ్మేద్దామనుకుంటున్నాం. నాలుగైదు లక్షలు పెట్టి కిచెన్, వార్డ్‌రోబ్‌లు, టైల్స్ కొత్తగా చేయిస్తే పది లక్షలు ఎక్కువ వస్తుందని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

మీ బావమరిదికి ఫర్నిచర్ షాపు ఉందా? ఊరికే అడిగాను.

మన దగ్గర పాత ఫ్లాటు కొనేవాడు ముందు అడిగేది కట్టి ఎన్నేళ్లయింది, నా వాటాకి స్థలం ఎన్ని గజాలు వస్తుంది, నీళ్లు వస్తాయా, కారు ఎక్కడ పెట్టాలి అని. మీ ఐదు లక్షల వార్డ్‌రోబ్ రంగు వాడికి నచ్చకపోతే అది వాడి దృష్టిలో విప్పించాల్సిన చెక్క. కొన్నాక వాడెలాగూ తన ఇష్టప్రకారం మార్చుకుంటాడు. అమ్మే ఇంటికి చెక్క పని చేయించడం, పెళ్లయి వెళ్లిపోయే అమ్మాయి గదికి కొత్త మంచం చేయించడం లాంటిదే.

మీరు చేయించాల్సింది వేరు. బాత్రూం గోడకి అవతలి వైపు చెమ్మ ఉంటే ఆపించండి. కాకినాడ గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి బాల్కనీ కింద, సన్ షేడ్ అంచుల్లో పెచ్చులు తప్పకుండా చూసుకోండి. అవి కనిపిస్తే కొనేవాడు మొత్తం బిల్డింగే పోయిందంటాడు, లక్షల్లో బేరమాడతాడు. కారే కొళాయిలు, మూసుకోని తలుపులు, పగిలిన స్విచ్చులు మార్పించి, లేత రంగొకటి కొట్టించి, గోడకున్న మేకులన్నీ పీకించండి. దీనికి మీ బావమరిది చెప్పినదాంట్లో నాలుగో వంతు కూడా కాదు.

ఇంతకు ముందెప్పుడైనా ఆ ఫ్లాట్‌కి పెద్ద పని చేయించారా? బాల్కనీ గదిగా మార్చడం, మొత్తం ఫ్లోరింగ్ మార్చడం వంటివి? బిల్లులుంటే వెతకండి. అమ్మినప్పుడు లాభం మీద పన్ను లెక్కలో అలాంటి ఖర్చుని కొన్న ధరకి కలుపుకోవచ్చు. రంగులు, చిల్లర రిపేర్లు కలవవు. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లయితే, మన దేశంలోనే నివసించే వ్యక్తికి ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరని ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి లెక్కేస్తే 20 శాతమా, అది లేకుండా 12.5 శాతమా అని తక్కువ పడేది చూసుకునే వీలుంది. ఇది ఆడిటర్‌తో కూర్చుని వేయించుకోవాల్సిన లెక్క. బిల్లులు లేకుండా ఆయన కూడా ఏమీ చేయలేడు.

నేను న్యూజెర్సీలో ఉంటాను. అమ్మానాన్న కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెలో, తాతగారు కట్టిన బెంగుళూరు పెంకుటింట్లో ఉంటారు. నాన్నగారికి 78, అమ్మకి 71. ఇల్లు పడగొట్టి డూప్లెక్స్ కట్టిద్దామంటే నాన్న ఒప్పుకోవడం లేదు. పోనీ కిందంతా మార్బుల్, గోడలకి టైల్స్ వేయించి, హాల్లో ఏసీ పెట్టిద్దామంటే దానికీ వద్దంటున్నారు. అమ్మ మాత్రం వంటింట్లోకి కొళాయి, నిలబడి వండుకునే గట్టు చాలంటోంది. డబ్బు సమస్య లేదు. వాళ్లకి ఏం చేయిస్తే నిజంగా ఉపయోగం?
– ఒక ఎన్నారై, న్యూజెర్సీ

బాబూ, అమ్మగారు చెప్పేశారు కదా. మళ్లీ నన్నడగడం దేనికి?

ఎగతాళికి అనలేదు. 71 ఏళ్లావిడ ఇప్పటికీ పెరట్లోంచి బిందెతో నీళ్లు మోసుకొచ్చి, కింద కూర్చుని వండుతోందంటే, ఆ కొళాయీ ఆ గట్టూ రేపు ఉదయం మొదలుపెట్టాల్సిన పనులు. గట్టు ఎత్తు ఇంటర్నెట్‌లో చూసి చెప్పకండి. ఆవిడ నిలబడి మోచెయ్యి మడిస్తే, దానికి నాలుగంగుళాల కింద మేస్త్రి చేత గీత పెట్టించండి. చాలా చోట్ల గట్లు కట్టించేది మగవాళ్లు, వండేది ఆడవాళ్లు. అందుకే సగం ఇళ్లలో ఆడవాళ్లకి భుజాల నొప్పులు.

ఇక నాన్నగారి సంగతి. మార్బుల్ వద్దన్నారంటే ఆయన తెలివైనవారు. తడి కాలుతో నున్నటి రాయి మీద నడవడం ఆ వయసులో ప్రమాదం. మా నాన్న తాపీమేస్త్రి. జీవితమంతా పరంజాల మీద, మూడో అంతస్తు అంచున చెప్పుల్లేకుండా నడిచాడు, ఒక్కసారి జారలేదు. ఎనభై ఒకటో ఏట తెల్లవారుజామున మా ఇంట్లో, నేను ముచ్చటపడి వేయించిన నిగనిగలాడే బాత్రూం టైల్ మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. తర్వాత పదినెలలే ఉన్నాడు. పడ్డ రోజు సాయంత్రం ఆస్పత్రి మంచం మీద, ‘ఆ రాయి గరుకుది వేయించాల్సిందిరా’ అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, పని తప్పు చెప్పే మేస్త్రి గొంతే.

అందుకని మీ డబ్బులో మొదటి వాటా బాత్రూంకి. అది పెరట్లో చివరన ఉంటే, పడగ్గదికి ఆనుకుని కొత్తది కట్టించండి. గరుకు టైల్స్, వీలైనంత మటుకు గడప లేకుండా, లోపల పడిపోయినా బయటివాళ్లు తీయగలిగేలా తలుపు బయటికి తెరుచుకోవాలి. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట స్టీలు పట్టీలు ఇటుక గోడలోకి గట్టి యాంకర్లతో దిగ్గొట్టించండి. టైల్ మీద రెండు స్క్రూలతో తువ్వాలు కడ్డీలా బిగిస్తే, మనిషి బరువు పడ్డప్పుడు పట్టీతో సహా ఊడొస్తుంది. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు పెట్టించండి. కోనసీమలో గాలివానలకి కరెంటు పోతుంది కాబట్టి ఇన్వర్టర్ కూడా. పాత ఇంటి వైరింగ్‌ మొత్తం చూపించి, ఎర్తింగ్ కొత్తగా వేయించి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. షాక్ కొడితే మనిషి చనిపోయేలోపు కరెంటు కట్ చేసే వస్తువది. చుట్టాలెవరికీ కనపడదు కాబట్టి ఎవరూ పెట్టించుకోరు.

గోడల టైల్స్ సంగతి మర్చిపోండి. తాతగారి కాలం గోడలు సున్నంతో కట్టి ఉంటారు. కోనసీమలో రెండు గజాలు తవ్వితే నీళ్లు. ఆ చెమ్మ గోడలోకి ఎక్కి, సున్నంలోంచి గాలికి ఆరిపోతూ ఉంటుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగో టైల్సో వేశారంటే ఆరే దారి మూసుకుపోయి, చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. నడుము దాకా టైల్స్ వేయించిన ఇంట్లో భుజాల దాకా ఉప్పు పొంగడం చూశాను. పాడైన చోట మళ్లీ సున్నపు గారే పెట్టించి, సున్నమే కొట్టించండి.

పైకప్పు గురించి రెండు మాటలు, నాకిష్టమైన విషయం కాబట్టి. మనం బెంగుళూరు పెంకు అంటాం గానీ అది మంగుళూరు పెంకు. 1865లో అక్కడ బాసెల్ మిషన్ వాళ్లు మొదటి ఫ్యాక్టరీ పెట్టారు. మీ ఇంటి పెంకు ఒకటి తిరగేసి చూడండి, ఫ్యాక్టరీ పేరు అచ్చై ఉంటుంది. ఏటా జూన్‌కి ముందు పెంకు సర్దించి, పగిలినవి మార్పిస్తే ఆ కప్పు మీ డూప్లెక్స్ స్లాబు కన్నా ఎక్కువ కాలం ఉన్నా ఆశ్చర్యం లేదు. కోతులు తిరిగే ఊరైతే పగిలేవి ఎక్కువుంటాయి, పాత ఇళ్లు విప్పేవాళ్ల దగ్గర రెండొందల పెంకులు కొని పెరట్లో పేర్పించి ఉంచండి. దూలాలు, వాసాల చివర్లు గోడలో దిగేచోట చెదలు పట్టిందేమో స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడమనండి. మెత్తగా దిగిపోతే ఆ ఒక్క వాసం మార్పించాలి.

కిటికీలకీ తలుపులకీ దోమల జాలీ. మీరడిగిన వాటిలో లేదు, అయినా చేయించండి. ఏసీ కన్నా ముందు.

డూప్లెక్స్ ఎవరికోసమో మీరే ఆలోచించుకోండి. మీరు రెండేళ్లకోసారి పదిహేను రోజులు వస్తారు. మెట్లు ఎక్కాల్సింది మీరు కాదు.

మా ఇల్లు నలభై ఏళ్ల నాటిది. వంటగది మూల సరిగా లేదని, మధ్య గోడ తీసి తలుపు ఈశాన్యానికి జరపాలని వాస్తు ఆయన చెప్పారు. మూడు లక్షలవుతుందట. చేయించవచ్చా?
– ఒక వ్యాపారి, ఖమ్మం

వాస్తు జోలికి నేను పోను, మా ఇంట్లోనే ఆ విషయంలో ఏకాభిప్రాయం లేదు. మీ ఇంటికి పిల్లర్లు ఉన్నాయా? నలభై ఏళ్ల ఇళ్లలో చాలావాటికి ఉండవు. స్లాబు బరువంతా గోడలే మోస్తాయి. తొమ్మిదంగుళాల మధ్య గోడ అంటే అనుమానించాల్సిందే. దాన్ని ఊరికే తీసేస్తే స్లాబు ఆధారం పోతుంది. ముందు జాకీలు పెట్టి, పైన దూలం పోసి, అది గట్టిపడ్డాక గోడ తీయాలి. ఆ దూలం బరువు దిగేచోట పునాది కూడా సరిపోవాలి. మీకు చెప్పిన మూడు లక్షల్లో ఇవన్నీ ఉన్నాయా అడగండి. ఇంజనీర్ ఒకసారి వచ్చి చూసిపోయే ఫీజు మీరు తీయబోయే గోడ ఇటుకల ధర కన్నా తక్కువే.

పొయ్యి మాత్రం జరపొచ్చు.

పై అంతస్తు వేద్దామని పదహారేళ్ల కిందట పిల్లర్ల చువ్వలు డాబా మీద అలాగే వదిలాం. అబ్బాయి పెళ్లి కుదిరింది, ఇప్పుడు వేద్దామనుకుంటున్నాం. ఆ చువ్వలు పనికొస్తాయా?
– ఒక రైతు, మార్టూరు

ఒంగోలు రోడ్డు మీద బస్సులో వెళ్తుంటే రెండు పక్కలా కనిపించేది ఇదే. ప్రతి డాబా నెత్తినా నాలుగు మూలలా చువ్వలు.

పదహారేళ్లు వానకీ ఎండకీ నిలబడ్డ చువ్వ మీద ఇంకో అంతస్తు పెట్టేముందు, తుప్పు గీకించి మందం కొలిపించాలి. సన్నబడితే ఆ చువ్వని లెక్కలోకి తీసుకోకూడదు. పిల్లరుకి బెజ్జాలు వేసి కెమికల్ యాంకర్‌తో కొత్త చువ్వలు దించే పద్ధతి ఉంది, కానీ ఎన్ని, ఎంత లోతు అన్నది ఇంజనీరే రాసివ్వాలి. చువ్వ మొదట్లో పిల్లరు చీలిందేమో కూడా చూడండి. నీళ్లు చువ్వ వెంబడి లోపలికి దిగుతాయి. మేస్త్రి వంగిన చువ్వలని పైపు తొడిగి ఇటూ అటూ వంచి తిన్నగా చేస్తానంటే ఆపండి, అలా వంచితే అక్కడే విరుగుతుంది. మీది నల్లరేగడి నేలైతే పునాది ఎంత లోతు పోయించారో ఆనాటి మేస్త్రిని అడిగి తెలుసుకోండి. ఆయన లేకపోతే ఒక మూల తవ్వి చూడాలి.

ఇవన్నీ అయ్యేదాకా నెలో రెండు నెలలో పడుతుంది. ఈలోగా వేసవి సెలవులకి మనవలు వస్తారు, డాబా మీద పరిగెత్తుతారు. ఇవాళే ప్రతి చువ్వ మొన మీదా ఖాళీ నీళ్ల సీసా ఒకటి బోర్లించండి.